పిల్లికి పడని ఇల్లు

ఆవపల్లి, బస్తరు సంస్థానం
మాఘ మాసం, సంత మర్నాడు

భద్రమ్మ వదినకు,

వదినా అని రాయగానే నువ్వు మూతి ముడుస్తావని తెలుసు. బడిలో ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళం. నువ్వు పోయి పోయి మా అన్ననే చేసుకుంటే నేనేం చెయ్యను? నలుగురిలో పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. ఉత్తరంలో ఎవరు చూడొచ్చారు? కాబట్టి భద్రా, ఇక్కడ అందరం కులాసా.

నీల బాగుంది. నీ కూతురి సంగతి ముందు రాయకపోతే నువ్వు మిగతాది చదవవు. కవలలు పుట్టి నువ్వు మంచం దిగలేని రోజుల్లో, "కొన్నాళ్ళు నీ దగ్గరుంచుకో సారలా" అని దాన్ని నా చేతికిచ్చావు. చర్ల నుంచి వచ్చిన కొత్తలో ఏమడిగినా తలూపేదే కానీ నోరు విప్పేది కాదు. ఇప్పుడు ఆ నోరు మూయించడం మా తరం కావడం లేదు. పక్కింటి సోమి పిల్లలతో ఇక్కడి దోర్లీ భాషలో పోట్లాడుతుంది, మా దగ్గరకొచ్చి ఆ పోట్లాటంతా తెలుగులో చెబుతుంది. మా ఆయన మున్షీగా అడవి నాకాలో కూర్చుని బళ్ళు ఆపి పర్మిట్లు చూస్తుంటే, ఆయన పక్కన నిలబడి "రుకో" అని బండివాళ్ళ మీద కేకలేస్తుంది. మున్షీగారి కంటే దీనికే ఎక్కువ భయపడుతున్నారట.

ఇక నా బాధ వినిపించుకో. మా బెల్లం లేదూ, అదే, సోమి ఇచ్చిన పిల్లి, పాత బెల్లం రంగుది. అది ఒకటే గోక్కుంటోంది. తోక మొదట్లో వెంట్రుకలన్నీ రాలిపోయి చర్మం బయటపడింది. మెడ చుట్టూ ఆవగింజల్లా పొక్కులు. తింటూ తింటూ ఆగి వెనక్కి తిరిగి తన వీపును తనే కొరుక్కుంటుంది. చూడలేకపోతున్నాను. ఆయనేమో ఇది గజ్జి, తాలిపేరు ఏటి అవతల వదిలేసి రమ్మని హుంగాకు చెప్పారు. హుంగా అంటే సోమి మొగుడు, నాకాలో కాపలా. ఆ మాట విన్న నీల పిల్లిని కడుపుకి కరుచుకుని వడ్ల గాదె వెనక దాక్కుంది. పొద్దుగూకేదాకా బయటికి రాలేదు. మామయ్య వచ్చి, "వదలంలేవే తల్లీ" అన్నాకే వచ్చింది.

చిరుతపులి తిరుగుతోందని సంక్రాంతి ముందు నుంచీ హుంగా తన మేకల్ని రాత్రిళ్ళు మా వసారాలోనే కట్టేస్తున్నాడు. ఇల్లంతా మేకల కంపు. ఆయనకు అసలే చిరాకు, దానికి తోడు ఈ పిల్లి.

మీవైపు ఎవరైనా పిల్లి గజ్జికి మందు చెబుతారేమో కనుక్కో. అన్నకు నా నమస్కారాలు. కవలలకు ముద్దులు.

నీ ఆడబిడ్డ,
సారలమ్మ


చర్ల
మాఘ బహుళంలో

సారలా,

నీ ఉత్తరంలో పిల్లి గురించి బారెడు రాశావు, నా పిల్ల గురించి బెత్తెడు. సరేలే, బాగుందన్నావుగా, అదే చాలు.

మీ అన్నను అడిగాను. ఎద్దులకు పేలూ పిడుదులూ పడితే మేం చేసేదే చెప్పారు. పొగాకు కాడలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు కానుగ నూనెలో కలిపి ఒళ్ళంతా పట్టించు. మా మైలెద్దు పోయినేడు ఒళ్ళంతా పుళ్ళు పడి ఉంటే ఈ మందుతోనే నున్నగా తేలింది. పిల్లి ఎంత, ఎద్దులో పదోవంతు కూడా ఉండదు, కొంచెం రాస్తే సరిపోతుంది.

నేనిప్పుడు లేచి తిరుగుతున్నాను. పొయ్యి దగ్గర కూడా కూర్చుంటున్నాను. కవలలిద్దరూ పాకుతూ చెరోవైపు పోతారు, ఒకడిని పట్టుకుంటే ఇంకోడు పొయ్యిలో చెయ్యి పెడతాడు. వాళ్ళక్క నీల ఉంటే ఒకడిని పట్టుకునేది కదా అనిపిస్తుంది. పట్టుకోవడం కోసమే కాదనుకో. దాని జడ వేసి ఎన్నాళ్ళయిందో. జుట్టు పెరిగిందా? నువ్వు ఏ వైపు పాపిడి తీస్తున్నావు?

ఏరువాక వస్తే తాలిపేరు పొంగుతుంది, ఇక దారి మూసుకుపోతుంది. ఆలోపు మీ అన్న వచ్చి దాన్ని తీసుకొస్తారు. ఈ మాట పోయిన ఉత్తరంలోనే రాశాను, నువ్వు దాని జోలికే పోలేదు. చదవలేదా, చదవనట్టు ఉన్నావా?

పిల్లిని ఒళ్ళో పెట్టుకుని తిరుగుతుంటే నీలకేమీ అంటలేదు కదా? చూసి రాయి. అన్నయ్యగారికి నమస్కారాలు.

భద్ర


ఆవపల్లి
ఫాల్గుణం మొదట్లో

వదినా,

ఈసారి కావాలనే వదినా అంటున్నాను. కోపంగా ఉంది.

నీ ఎద్దు మందు రాశాను. ఎద్దయితే తోకతో తోలుకుంటుంది, పిల్లి నాలుకతో కడుక్కుంటుంది. ఆ ముక్క నీకూ తట్టలేదు, అన్నకూ తట్టలేదు, రాసిన నాకూ తట్టలేదు. మందు రాసి వదలగానే వసారా మూలకు పోయి కూర్చుని ఒళ్ళంతా నాక్కుంది. కాసేపటికి నోటి నుంచి సొల్లు కారడం మొదలైంది. కాళ్ళు వణికాయి. పక్కకు పడిపోయి కళ్ళు తేలేసింది.

నీల ఏడవలేదు భద్రా. ఏడ్చినా బాగుండేది. పిల్లి పక్కనే కూర్చుని, "అత్తా, బెల్లానికి నువ్వేం పెట్టినవ్?" అని అడిగింది. మందు పెట్టానన్నాను. "మందు పెడితే సస్తదా?" అంది. సోమి పరిగెత్తుకొచ్చి, "ఏందమ్మా ఇది, ముందుగల కడుగు, కడుగు" అని అరిచాక నాకు సోయి వచ్చింది. గోరువెచ్చని నీళ్ళూ శనగపిండీ పెట్టి జిడ్డంతా పోయేదాకా కడిగాం. గుడ్డలో చుట్టి పొయ్యి దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. మర్నాడు కాస్త గంజి నాకింది. ఇప్పుడు లేచి తిరుగుతోంది.

మళ్ళీ గోక్కుంటోంది కూడా. బతికిందన్న సంతోషంలో అది కూడా ముద్దొచ్చింది ఓ పూట.

నీల ఇంకా నా చేతి మీద నమ్మకం పెట్టుకోలేదు. నేను పిల్లి దగ్గరకు పోతే చెయ్యి అడ్డం పెడుతుంది. అన్నం మాత్రం నా చేత్తోనే తింటుంది. దానికి ఒంట్లో బాగానే ఉంది. జుట్టు నడుము దాకా వచ్చింది, పాపిడి నడిమికే తీస్తున్నాను.

సారలమ్మ


చర్ల
ఫాల్గుణ పున్నమి దాటాక

సారలా,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద ఎసరు సంగతే మరిచిపోయాను. ఎంత పని చేశాం! ఎద్దుకు తగ్గిందని పిల్లికి రాయమన్నాను చూడు, నన్ను ఏమనాలి? నీల అడిగిన ఆ మాట నాకు చెవుల్లో మోగుతూనే ఉంది. నువ్వు రాశావు, నేను రాయించాను. అది నిన్ను అడిగిందే కానీ నన్నే అడిగినట్టుంది. పిల్లి బతికిందన్న వాక్యం దాకా ఊపిరి తీసుకోలేదు నేను.

ఇప్పుడు నా కోపం విను.

చింతపండు బళ్ళు తోలే ముసలయ్య మీ నాకా దాటి వచ్చాడు. మంచినీళ్ళిచ్చి, మా పిల్లను చూశావా అంటే, "సూసిన తల్లీ, మంచిగున్నది. కాళ్ళకే ఆ పొక్కులు జర తగ్గాలె" అన్నాడు. ఏం పొక్కులని అడిగాను. మోకాళ్ళ కింద అంతా ఎర్రగా ఉన్నాయనీ, గోకి గోకి పుండ్లు చేసుకుందనీ, చాలా రోజులుగా అలాగే ఉందనీ చెప్పాడు. చాలా రోజులుగా! నేను రెండు ఉత్తరాల్లో అడిగాను సారలా. నువ్వు రెండింటిలోనూ బాగుందనే రాశావు. బండివాడికి తెలిసింది నాకు తెలియలేదు.

ఎందుకు దాచావు? నేను నీ దగ్గర ఏం దాచాను ఎప్పుడైనా? పాలు పడక కవలల్లో చిన్నవాడు దక్కుతాడో లేదో అనుకున్న రోజున కూడా నీకే కదా రాశాను?

నాకు ఒకటే మాట. ఆ పిల్లిని ఇల్లు దాటించు. లేదంటే ఏరువాక దాకా ఆగను, మీ అన్నను ఇప్పుడే పంపిస్తాను. పిల్లి మీద నాకేమీ పగ లేదు. నా పిల్ల కాళ్ళ మీద పుండ్లున్నాయి.

భద్రమ్మ


ఇప్ప చెట్ల కింద, ఆవపల్లికి అవతల అడవిలో
చైత్రం

భద్రా,

ఈ ఉత్తరం నీ కోపానికి జవాబు. ఆలస్యమైంది. రాసి చించి రాసి చించి కూర్చున్నాను.

అవును, దాచాను. నీల కాళ్ళ మీద మచ్చలు పుష్యంలోనే మొదలయ్యాయి. నీకు రాస్తే తీసుకుపోతావని దాచాను. అంతే, ఇంకో కారణం లేదు. మాకు పిల్లలు లేరని ఎవరైనా అంటే నేను నవ్వి ఊరుకోవడం నీకు తెలుసు. ఇప్పుడు పొద్దున్నే లేవగానే ఒక పిల్ల నా కొంగు పట్టుకుని వెంట తిరుగుతోంది. అది పోతే నేను మళ్ళీ ఆ నవ్వు నవ్వాలి. ఆ భయంతో నీ బిడ్డ పుండ్లు నీకు చెప్పలేదు. నువ్వు తిట్టినా సరే, నాకు అభ్యంతరం లేదు.

పిల్లిని సోమి ఇంట్లో పెడదామని నిశ్చయించాను. అంతలో అడవిలో తిరిగి చూసుకోవాలని ఆయనకు దౌరా హుకుం వచ్చింది. ఇప్ప పువ్వు రాలే కాలం కదా, ఊళ్ళన్నీ ఇళ్ళు మూసి అడవికి కదిలాయి. ఎవరి చెట్లు వాళ్ళు చూసుకుంటూ చెట్ల కిందే గుడిసెలు వేసుకుని, తెల్లవారుజామునే పువ్వు ఏరుకుంటారు. మంటలు రాకుండా ఆయన ఈ నెలంతా ఆ గుడిసెల మధ్యే తిరగాలి. నన్నూ నీలనూ కూడా తీసుకొచ్చారు. సోమి వాళ్ళు కూడా ఇక్కడికే వచ్చేస్తే బెల్లాన్ని ఎవరికి అప్పజెప్పను? సన్నపళ్ళ ఈర్పెనతో ఒళ్ళంతా దువ్వి, స్నానం చేయించి, బుట్టలో పెట్టుకొచ్చాం. ఆయన దారి పొడుగునా, "సర్కారు మున్షీ పిల్లిని మోసుకుంటూ దౌరా పోతున్నాడు" అని గొణుక్కుంటూనే వచ్చారు. బుట్ట మోసింది మాత్రం ఆయనే.

ఇక్కడ ఏమైందో విను. చెబితే నాకే వింతగా ఉంది. బెల్లం గోక్కోవడం తగ్గించింది. ముందు నేను పట్టించుకోలేదు. తర్వాత చూస్తే తోక మొదట్లో గరుకుగా, మొగవాళ్ళ గడ్డంలా, కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. నీల కాళ్ళ మీద పుండ్లు కూడా మానుతున్నాయి. పాతవి నల్లమచ్చలయ్యాయి, కొత్తవి లేవు. పిల్లి మాత్రం ముందుకంటే ఎక్కువగా దాని ఒళ్ళోనే ఉంటోంది. గజ్జి అయితే ఇప్పుడే కదా ఎక్కువ అంటాలి?

పిల్లితో సహా అందరం ఒకటే ఆకుగుడిసెలో పడుకుంటున్నాం. పువ్వు తగ్గిన చోటు నుంచి ఇంకో చోటికి పోయి కొత్త గుడిసె వేసుకుంటున్నాం. మందు ఏమీ రాయలేదు, ఒట్టు. నాకేమీ అర్థం కావడం లేదు కానీ నీకు ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇల్లు చేరేదాకా ఆగు భద్రా. చేరాక నువ్వు ఏమంటే అది.

సారల


ఆవపల్లి
వైశాఖం మొదట్లో

భద్రా,

ఈ ఉత్తరం టపాలో రావడం లేదు. ఇది తెచ్చిన మనిషి పక్కన ఎవరున్నారో చూసుకున్నాకే చదువుతుంటావు.

చెప్పేది మొదటి నుంచీ చెప్తాను. మొన్న అడవి నుంచి ఇల్లు చేరాం. నెలకు పైగా మూసి ఉన్న ఇల్లు. ఆయన తాళం తీసి ముందు అడుగు పెట్టారు, తెల్ల పంచె కట్టుకుని. వెనకే నేను. గది మధ్యకు పోయి కిటికీ తీసేసరికి ఆయన పంచె అంచు మీద నువ్వులు చల్లినట్టు నల్లగా ఏదో కనపడింది. దులపబోతే ఆ నువ్వులు గెంతాయి. నా కాళ్ళ మీదకీ గెంతాయి. ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ మన కోసమే కాచుకుని కూర్చున్నట్టు, అడుగుల చప్పుడు వినగానే నేల నెర్రెల్లో నుంచి లేచి మీద పడ్డాయి. మేం మళ్ళీ గుమ్మం బయటికి ఉరికాం. నీల బుట్ట పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, "బెల్లానిది కాదత్తా, ఈ ఇంటిదే గజ్జి" అంది.

అప్పుడు ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. చిరుత భయానికి మేకలు వసారాలోకి రావడం, వాటి ఒంటి నుంచి ఈ గెంతుడు పురుగు దిగి నేల నెర్రెల్లో, పరుపు గడ్డిలో, గాదె కింద గుడ్లు పెట్టడం, అక్కడి నుంచి పిల్లి మీదకీ పిల్ల మీదకీ ఎక్కడం. బెల్లాన్ని ఎన్నిసార్లు వెతికినా మాకు పురుగు కనపడలేదు. కనపడిందల్లా అది నాలుకతో ఏరుకుని మింగేసేది. ఈర్పెనతో దువ్వితే నల్లటి ఇసుక రాలేది, దుమ్మనుకునేదాన్ని. నిన్న ఆ ఇసుకను తడిగుడ్డ మీద వేసి చూస్తే ఎర్రగా దిగింది. నెత్తురు భద్రా. దాని నెత్తురూ నీ కూతురి నెత్తురూ తాగి పెరిగాయి నా ఇంట్లో. నేను మాత్రం ఇల్లు పేడతో అలికి, ముగ్గులు పెట్టి, ఎంత శుభ్రంగా ఉంచుకున్నానో అని మురిసిపోయాను.

రెండు పూటలు సోమి వాకిట్లోనే వండుకున్నాం. ఈ ఇల్లు ఎప్పుడు బాగుపడుతుందో తెలియదు. బాగుపడేలోపు వాన వస్తుంది, తాలిపేరు వస్తుంది. నీల ఈ నేల మీద పడుకోకూడదు. అందుకే నువ్వు పంపమనక ముందే పంపిస్తున్నాను. మా ఆయన తనే తీసుకొస్తున్నారు.

పిల్లిని కూడా తీసుకుపోతానని ఏడ్చింది. బెల్లానికి వైద్యం ఇక్కడే చెయ్యాలని చెప్పాను. "మల్ల నూనె పెట్టవు గద?" అని అడిగి, నా చేత ఒట్టు వేయించుకుని బండెక్కింది. జడ నేనే వేశాను, కాస్త బిగుతుగా. చేరేదాకా విడిపోకుండా.

సారలమ్మ


చర్ల
వైశాఖ పున్నమి దాటాక

సారలా,

నీల చేరింది. జడ విడిపోలేదు.

నువ్వు ముందే పంపిస్తావని నేననుకోలేదు. ఇన్నాళ్ళు నీ మీద కోపం నూరుకుంటూ కూర్చున్నాను, తీరా ఉత్తరం చదివాక ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు పని సంగతి రాస్తాను, మిగతాది తర్వాత. పశువుల డాక్టరు మన సంతకు క్యాంపు వచ్చాడు. మీ అన్న ఎద్దును చూపించి, సిగ్గు విడిచి పిల్లి సంగతి అడిగారు. ఆయన నవ్వాడట కానీ, కూర్చోబెట్టి అన్నీ చెప్పాడట. పొగాకు మాట వినగానే నవ్వు ఆపేసి తిట్టాడట. మనకు ఆ తిట్లు పడాల్సిందే.

నువ్వు కనిపెట్టింది నిజమే. అది గజ్జి కాదు. కొన్ని పిల్లులకు ఆ పురుగు కాటు పడదు. మీ అమ్మకు వంకాయ పడనట్టు. వేరే పిల్లిని పదులకొద్దీ కుట్టినా దులుపుకుని పోతుంది, దీనికి ఒక్కటి కుట్టినా చాలు, ఒళ్ళంతా మంట పుట్టి రోజుల తరబడి గోక్కుంటుంది. అందుకని పిల్లికి మందు వెతకడం కాదు, కుట్టేది లేకుండా చెయ్యాలి. మేకల్ని ముందు వసారా నుంచి కదిలించండి, అవి అక్కడుండగా ఎంత చేసినా దండగే. పరుపుల్లో గడ్డి తగలబెట్టి, గుడ్డలన్నీ ఉడకబెట్టి ఎండెయ్యండి. నేల నెర్రెలూ గోడ మూలలూ ఊడ్చి, ఆ చెత్త కూడా తగలబెట్టి, మట్టితో పూడ్చి, గోడలకు సున్నం కొట్టండి. పిల్లిని రోజూ ఈర్పెనతో దువ్వి, దువ్వినప్పుడల్లా ఈర్పెనను సబ్బు నీళ్ళలో ముంచండి, దొరికినవి మునిగి చస్తాయి. ఒంటికి మాత్రం ఏ నూనే వద్దు. అయిపోయాయి అనుకున్నాక కూడా మానొద్దన్నాడు. గుడ్లూ గూళ్ళూ ఇంకా ఉంటాయి, ఆగి ఆగి లేస్తాయట.

ఇక నీల. కాళ్ళు మానిపోయాయి. తింటోంది. తమ్ముళ్ళను ఎత్తుకుంటోంది, నేను చెప్పకపోయినా. ఏమడిగినా "సరే అమ్మా" అంటుంది. మంచినీళ్ళు కావాలంటే అడిగి తాగుతుంది. పాయసం ఇంకాస్త పెట్టనా అంటే చాలంటుంది, కళ్ళు మాత్రం గిన్నె మీదే. ఎదురింటామె చూసి, "ఎంత బుద్ధిమంతురాలు!" అంది. ఈ పిల్లేనా నాకా దగ్గర బళ్ళు ఆపింది? నా కూతురు నా ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఉంది సారలా. కసురుకోదు, అలగదు. తల్లి దగ్గర అలగని పిల్ల ఉంటుందా?

కొన్నాళ్ళు పోతే అలవాటు పడుతుందని మీ అన్న అంటున్నారు. నాకూ అదే ఆశ. నేను కన్నదాన్ని కదా.

భద్ర


ఆవపల్లి
జ్యేష్ఠ పున్నమి ముందు

భద్రా,

డాక్టరు చెప్పినవన్నీ చేశాం. నీ ఉత్తరాన్ని ఆయన సర్కారు ఫర్మానాలా ముందు పెట్టుకుని నన్నూ హుంగానూ పరుగులు పెట్టించారు. హుంగా వాళ్ళ ఇంటి వెనక వెదురు దడి బిగించి, పైన కూడా వెదురు కప్పి, మేకలకు గట్టి దొడ్డి కట్టాడు. చిరుత దడి చుట్టూ ఒకసారి తిరిగి పోయిందట, అడుగులు కనపడ్డాయి. పరుపు గడ్డి తగలబెడితే చిటపటలాడింది. ఆ చప్పుడు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. గాదెను పక్కకు జరిపించి దాని కింద నేల తవ్వి కొత్త మట్టి మెత్తాం. సున్నం కొట్టి కొట్టి నా అరచేతులు పొక్కిపోయాయి.

తెల్లగుడ్డ కాళ్ళకు చుట్టుకుని ఆయన పూటపూటా ఇల్లంతా పచార్లు చేశారు, ఇంకా గెంతుతున్నాయేమో చూడ్డానికి. మొదట్లో గుడ్డ మీద బాగా కనపడేవి. మధ్యలో అసలు లేవు. మళ్ళీ లేచాయి, డాక్టరు చెప్పినట్టే. మళ్ళీ ఊడ్చి మళ్ళీ ఉడకబెట్టాం. ఇప్పుడు గుడ్డ తెల్లగానే ఉంటోంది.

బెల్లం ఒళ్ళు నిండింది. తోక మొదట్లో బొచ్చు పాతదానికంటే కాస్త ముదురు రంగులో వచ్చింది. ఈర్పెన పని ఆయనే తీసుకున్నారు, నన్ను ముట్టుకోనివ్వడం లేదు. నాకా బల్ల మీద దాన్ని పడుకోబెట్టి, సబ్బు నీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని దువ్వుతుంటారు. పర్మిటు కోసం వచ్చినవాళ్ళు వాకిట్లో కూర్చుని ఎదురుచూస్తారు. తాలిపేరు దాటించమన్న మనిషేనా ఈయన అనిపిస్తుంది.

వాన ఇంకా రాలేదు. ఏట్లో మోకాళ్ళ లోతు కూడా లేవని ముసలయ్య అన్నాడు. ఊరికే రాస్తున్నాను.

నీలకు చెప్పు, బెల్లం బాగుందని. నూనె పెట్టలేదని కూడా చెప్పు.

సారల


చర్ల
ఏరువాక నాడు

సారలా,

"ఊరికే రాస్తున్నాను" అని రాశావు. బడిలో నీకు ఆకలేస్తే నా డబ్బా వంక చూస్తూ, "ఇవాళ మీ ఇంట్లో ఏం వండారు, ఊరికే అడుగుతున్నా" అనేదానివి. నీ ఊరికేలు నాకు తెలుసు.

నీ ఉత్తరం నీలకు చదివి వినిపించాను. బెల్లానికి బొచ్చు వచ్చిందన్న దగ్గర అది నవ్వింది. ఇక్కడికి వచ్చాక అలా నవ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత నా మొహం చూసి, నవ్వు మింగేసి, "నేను ఈడనే ఉంట అమ్మా" అంది. నేను అడగలేదు సారలా. నా మొహంలో ఏం చూసిందో మరి. ఇంత పిల్ల నన్ను ఓదార్చడానికి తన సంతోషాన్ని దాచుకుంది. దాచడం మన ఇద్దరి దగ్గరే నేర్చుకుందేమో.

పెరట్లోకి పోయి ఏడ్చాను. ఏడ్చి వచ్చి మూట కట్టాను.

మీ అన్న తీసుకొస్తున్నారు, ఏరు పొంగేలోపు. పంపిస్తున్నాను, ఇచ్చెయ్యడం లేదు. ఆ తేడా నీకు తెలుసు, అయినా రాసుకుంటున్నాను, నా కోసం. పంటలు ఇంటికొచ్చాక కవలల్ని ఎత్తుకుని నేనే అక్కడికి వస్తాను, సంతకీ తిప్పాలి నన్ను. వేసవికి అది ఇక్కడికి రావాలి. అది నా దగ్గర అలగడం నేర్చుకోవాలి, దానికి ఎన్ని వేసవులు పట్టినా సరే.

ఒక్కటే అడుగుతాను. నీల బాగుంది అని మాత్రం రాయకు. ఆ మాట రెండుసార్లు నమ్మి దెబ్బతిన్నాను. ఎక్కడ బాగోలేదో అది రాయి. దోమ కుట్టినా రాయి, జ్వరం వచ్చినా రాయి, నువ్వు దాన్ని కొట్టినా రాయి. అది చదివితేనే మిగతాదంతా బాగుందని నాకు నమ్మకం కుదురుతుంది.

జడ నేను వేశాను. పాపిడి పక్కకు తీశాను. నీకు నచ్చకపోతే కాసేపు అలాగే ఉంచి మార్చు.

భద్ర


ఆవపల్లి
ఆషాఢం

భద్రా,

ఇది ఈ వానాకాలానికి ఆఖరి టపా అంటున్నాడు మోతగాడు. తాలిపేరు గట్టు తాకింది. అన్న వెనక్కి దాటి క్షేమంగా చేరే ఉంటారు.

నువ్వడిగినట్టే రాస్తున్నాను. దారిలో నీల కుడి మోకాలు బండి చువ్వకు గీసుకుపోయింది, పసుపు పెట్టాను. మామిడిపండ్లు ఎక్కువ తిని ఒకరోజు కడుపు నొప్పన్నది. సోమి కొడుకుని కొరికింది, వాడిదే తప్పంటుంది, నాకు నమ్మకం లేదు. పాపిడి ముట్టుకోనివ్వడం లేదు, అమ్మ తీసినట్టే పక్కకు తియ్యాలట.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని టపావాడిని కూర్చోబెట్టి ఆలోచించాను. వచ్చిన సాయంత్రం బెల్లాన్ని ఒళ్ళోకి తీసుకుంది, మొహం దాని వీపులో పెట్టుకుని కాసేపు ఆడుకుంది. దీపం పెట్టే వేళకు వాన మొదలైంది. అప్పుడు ఏడుపు అందుకుంది. పిల్లిని ఇచ్చినా ఆగలేదు, మామయ్య ఎత్తుకున్నా ఆగలేదు. అమ్మ కావాలంది భద్రా. నా కొంగు పట్టుకునే, అమ్మ కావాలని ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని, మీ అమ్మ పంటలయ్యాక వస్తుందే అని చెప్తూ ఉన్నాను, అది నిద్రపోయేదాకా.

సారల